మౌంటెన్ ప్రావిన్స్ కొండల్లోకి తక్కువ ఖర్చుతో: బొంటోక్, మలిగ్‌కోంగ్, బార్లిగ్ ఎలా తిరగాలి

ఫిలిప్పీన్స్ అనగానే మనవాళ్ల ప్లాన్లన్నీ బీచ్‌ల దగ్గరే ఆగిపోతాయి. బొరాకాయ్, పలవాన్, సెబు... అంతే. కానీ ఉత్తరాన లుజోన్ దీవిలో కార్డిలెరా కొండల వరస ఉంది. అక్కడి ఆరు ప్రావిన్సుల్లో ఒకదాని పేరే మౌంటెన్ ప్రావిన్స్. అందులో సగాడా పేరు చాలామంది వినే ఉంటారు. కొండ గోడకు వేలాడదీసిన శవపేటికల ఫొటోలు ఆ ఊరివే. వారాంతాల్లో అక్కడ వ్యాన్లు బారులు తీరుతాయి. దాని చుట్టుపక్కలే ఉన్న మలిగ్‌కోంగ్, మయినిట్, బార్లిగ్, బెసావ్‌లకు మాత్రం వెళ్లేవాళ్లు తక్కువ. ఈ గైడ్ ఆ ఊళ్ల కోసం.

ఒక మాట ముందే చెప్తాను. ఈ కొండల్లో డబ్బు మిగలాలంటే తొందర తగ్గించుకోవాలి. రెండు రోజుల్లో అన్నీ చూసేయాలనుకుంటే ప్రైవేటు వ్యాన్ తప్పదు, ఖర్చంతా దానికే పోతుంది. ఊరి జీపు ఎప్పుడు బయల్దేరితే మీరూ అప్పుడే బయల్దేరగలిగితే అదే ప్రయాణం చాలా చవక. కాబట్టి కొండలకు కనీసం ఏడెనిమిది రోజులైనా పెట్టుకోండి.

వీసా, టికెట్లు

2025 జూన్ 8 నుంచి పర్యటనకు వెళ్లే భారతీయులకు ఫిలిప్పీన్స్‌లో 14 రోజుల వరకు వీసా అక్కర్లేదు. ఆ గడువును పొడిగించరు. అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా, కెనడా, షెంజెన్ దేశాలు, సింగపూర్, యూకే... వీటిలో ఏదో ఒకదాని వీసా గానీ నివాస అనుమతి గానీ చెల్లుబాటులో ఉంటే 30 రోజులు ఉండొచ్చు. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. తిరుగు టికెట్, బస బుకింగ్, ఖర్చుకు సరిపడా డబ్బున్నట్టు ఆధారం ప్రింట్ తీసుకుని చేతిలో పెట్టుకోండి. ఇలాంటి నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే ముందు ఫిలిప్పీన్స్ ఎంబసీ సైట్ ఒకసారి చూడండి.

దిగడానికి ముందు 72 గంటల్లోపు ఈ-ట్రావెల్ అనే ఫిలిప్పీన్స్ ప్రభుత్వ ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. ఇది పూర్తిగా ఉచితం. అదే పేరుతో డబ్బులు అడిగే సైట్లు కనిపిస్తే నమ్మొద్దు.

హైదరాబాద్ నుంచైనా విశాఖ నుంచైనా సింగపూర్ మీదుగా వెళ్లడం తేలిక. రెండు వేర్వేరు టికెట్లుగా కొంటే చవక పడొచ్చు గానీ, మధ్యలో చెక్-ఇన్ లగేజీ బయటికి వచ్చి తీసుకోవాల్సి వస్తే ఆ దేశపు వీసా కావాలి. అందుకే ఏడు కిలోల క్యాబిన్ బ్యాగ్‌తోనే వెళ్లమంటాను. కొండ దారుల్లో మోయగలిగేది కూడా అంతే.

మనీలాకు బదులు క్లార్క్ విమానాశ్రయంలో దిగే టికెట్ దొరికితే వదలొద్దు. దగ్గర్లోని డావ్ బస్ టెర్మినల్ నుంచి, కొండలకు వెళ్లే దారిలో ఉన్న బాగ్యో నగరానికి నేరుగా బస్సులు ఉంటాయి, మనీలా ట్రాఫిక్ బెడద తప్పుతుంది. ఇంకో సంగతి. మన తెలుగు పిల్లలు చాలామంది దావావ్‌లో ఎంబీబీఎస్ కోసం చదువుతున్నారు. అక్కడ చుట్టాలున్నారు కదా, ఆ పక్కనే ఈ కొండలకూ వెళ్లొచ్చని అనుకోవద్దు. దావావ్ దక్షిణాన మిందనావ్ దీవిలో ఉంది. అక్కడి నుంచి కూడా మళ్లీ విమానం ఎక్కాల్సిందే.

ఏ నెలలో వెళ్లాలి

నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా పొడి కాలం. జూన్ నుంచి అక్టోబర్ దాకా వానలు, తుఫాన్లు. కొండచరియలు విరిగిపడితే బొంటోక్ రోడ్డు గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి మూసేస్తారు. వానాకాలంలో వెళ్లక తప్పకపోతే అక్కడి వాతావరణ సంస్థ పగాసా హెచ్చరికలు రోజూ చూసుకోండి. తుఫాను పేరు వినిపించగానే కొండ ఎక్కే ఆలోచన మానేసి ఉన్న ఊళ్లోనే ఉండిపోండి.

పొలాల కోసం వెళ్తుంటే లెక్క వేరు. మలిగ్‌కోంగ్‌లో ఏడాది మొదట్లో నాట్లు పడతాయి. అప్పుడు మళ్లలో నీళ్లు నిలిచి ఆకాశం కనిపిస్తుంది. మార్చి నుంచి మే వరకు పచ్చదనం. జూన్ చివర, జూలైలో పండి కోతలకొస్తుంది. నా మాట వింటే ఏప్రిల్ ఎంచుకోండి. రోడ్లు బాగుంటాయి, పైరు ఒత్తుగా ఉంటుంది, చలి కూడా తట్టుకోగలిగేంతే. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా తెల్లవారుజామున పది డిగ్రీల దరిదాపుల్లోకి పడిపోతుంది. కోస్తా నుంచి వెళ్లేవాళ్లకు స్వెటర్, మంకీ క్యాప్ రెండూ కావాలి.

మనీలా నుంచి బొంటోక్ దాకా

రెండు దారులున్నాయి. ఒకదాంట్లో వెళ్లి రెండోదాంట్లో తిరిగొస్తే అన్నీ చూసినట్టవుతుంది.

మొదటిది బనావే దారి. మనీలాలోని కుబావ్ నుంచి రాత్రి బయల్దేరే బస్సు బనావే మీదుగా బొంటోక్, సగాడా వెళ్తుంది. సుమారు పన్నెండు గంటలు. రాత్రంతా బస్సులోనే పడుకుంటాం కాబట్టి ఒక రాత్రి బస ఖర్చు మిగులుతుంది. శుక్రవారం రాత్రి సీట్లు దొరకవు, ముందే బుక్ చేసుకోండి. జాకెట్ మాత్రం పైన లగేజీలో పెట్టకండి. అక్కడి బస్సుల్లో ఏసీ విపరీతంగా పెడతారు.

రెండోది బాగ్యో దారి. మనీలా నుంచి బాగ్యోకు రాత్రీ పగలూ బస్సులుంటాయి, ఐదారు గంటలు పడుతుంది. బాగ్యోలో దిగాక మాగ్‌సాయ్‌సాయ్ అవెన్యూ వైపు, స్లాటర్ హౌస్ దగ్గరి టెర్మినల్‌కు వెళ్లి బొంటోక్ బస్సు ఎక్కాలి. ఉదయాన్నే ఎక్కండి. అక్కడి నుంచి హల్సెమా హైవే మీద సుమారు 150 కిలోమీటర్లు, దాదాపు ఆరు గంటలు. అమెరికన్ల పాలనలో బాగ్యో మేయరుగా ఉన్న యూసేబియస్ హల్సెమా పేరు ఈ రోడ్డుకు పెట్టారు. అటోక్ దగ్గర ఇది 2,255 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. చాలాకాలం ఫిలిప్పీన్స్ హైవేలన్నిటిలో అదే ఎత్తయిన చోటు. రోడ్డు పొడవునా నిట్టనిలువు కొండల మీద క్యాబేజీ, క్యారెట్, బంగాళాదుంప తోటలే. ఈ ఆరు గంటల దారి పగలే చూడాలి, రాత్రి బస్సులో నిద్రపోతూ దాటేయకండి. మలుపులు ఎక్కువ కాబట్టి వాంతుల మాత్ర ముందే వేసుకోండి, పొద్దున టిఫిన్ కొంచెమే తినండి.

బొంటోక్‌లో చేయాల్సిన పనులు

బొంటోక్ ఈ ప్రావిన్స్ ముఖ్య పట్టణం. చికో నది ఒడ్డున ఇరుకైన లోయలో ఉంటుంది. పర్యాటకులు చాలామంది ఇక్కడ దిగి, వెంటనే సగాడా జీపు ఎక్కేస్తారు. మీరు ఒక రాత్రి ఆగండి. చిన్న ఊళ్లకు వెళ్లడానికి కావాల్సిన పనులన్నీ ఇక్కడే పూర్తవుతాయి.

ముందు డబ్బు. బొంటోక్ దాటితే ఏటీఎం మీద ఆశ పెట్టుకోవద్దు. మలిగ్‌కోంగ్, బార్లిగ్‌లలో అంతా నగదే. విదేశీ కార్డుతో తీసిన ప్రతిసారీ అక్కడి బ్యాంకు సుమారు 250 పెసోలు పట్టుకుంటుంది కాబట్టి ఒకేసారి తీసుకోండి. వంద, యాభై, ఇరవై పెసోల చిల్లర ఎక్కువగా ఉండాలి. వెయ్యి నోటు ఇస్తే జీపు డ్రైవర్ దగ్గర చిల్లర ఉండదు. సిమ్ కార్డు మనీలాలోనే తీసుకోవడం మేలు, రిజిస్ట్రేషన్‌కు పాస్‌పోర్టు కావాలి.

తర్వాత మునిసిపల్ టూరిజం ఆఫీసు. అక్కడ పేరు నమోదు చేసుకుని మూడు విషయాలు అడగండి: ఏ ఊరి జీపు ఎక్కడి నుంచి ఏ వేళకు బయల్దేరుతుంది, గైడ్ రేటు ఎంత, ఆ వారంలో ఏ ఊరికైనా తెంగావ్ ఉందా.

ఈ మూడో ప్రశ్న చాలా ముఖ్యం. తెంగావ్ అంటే ఊరంతా పొలం పనులు ఆపేసే విశ్రాంతి రోజు. కొన్ని ఊళ్లలో తె-ఎర్ అనీ, సగాడా వైపు ఉబయా అనీ అంటారు. పెద్దలు కూర్చుని నిర్ణయిస్తారు. ఆ రోజుల్లో బయటివాళ్లు ఊళ్లోకి రాకూడదని, ఊళ్లోవాళ్లు పొలంలో దిగకూడదని నియమం ఉంటుంది. మీరు వెళ్లేసరికి అలాంటి రోజు పడితే బతిమాలొద్దు, డబ్బు ఎక్కువిస్తామని అసలే అనొద్దు. వెనక్కి తిరిగి ఇంకో ఊరికి వెళ్లండి. ప్లాన్‌లో ఒకటి రెండు రోజులు ఖాళీగా ఉంచుకోమని చెప్పేది ఇందుకే.

మధ్యాహ్నం ఖాళీ దొరికితే బొంటోక్ మ్యూజియం చూడండి. కార్డిలెరా తెగల పనిముట్లు, పాత ఫొటోలు చిన్న చోటులోనే చక్కగా అమర్చారు. వెనకాల పాత పద్ధతిలో కట్టిన ఇళ్లున్నాయి. మగవాళ్లు కూర్చుని ఊరి వ్యవహారాలు తేల్చే అతో, పెళ్లికాని ఆడపిల్లలు రాత్రిళ్లు పడుకునే ఉలోగ్ రెండూ అక్కడ చూడొచ్చు. ఇది చూసి వెళ్తే తర్వాత ఊళ్లలో కనిపించే చాలా సంగతులు అర్థమవుతాయి.

వంతెన మీద నిలబడి చికో నదిని చూసినప్పుడు ఒక విషయం తలుచుకోండి. నియంత ఫెర్డినాండ్ మార్కోస్ సీనియర్ పాలనలో ఈ నది మీద వరుస ఆనకట్టలు కట్టబోయారు. బొంటోక్ ప్రజలవి, పక్క ప్రావిన్స్ కళింగ (మన కళింగ కాదు) ప్రజలవి ఊళ్లు, పొలాలు, పూర్వీకుల సమాధులు మునిగేవి. ఏళ్ల తరబడి జనం ఎదిరించారు. నాయకుడు మాక్లిఇంగ్ దులాగ్‌ను 1980 ఏప్రిల్ 24న సైనికులు కాల్చి చంపారు. చివరికి ఆ ప్రాజెక్టు ఆగింది. మీరు నడవబోయే మళ్లలో కొన్ని ఇవాళ మిగిలి ఉన్నాయంటే ఆ పోరాటం వల్లే.

మలిగ్‌కోంగ్: రెండు రాత్రులైనా ఉండండి

బొంటోక్ నుంచి జీపులో అరగంట, ముప్పావుగంట. రోజుకు కొన్ని ట్రిప్పులే ఉంటాయి, సాయంత్రం చీకటి పడకముందే చివరి జీపు వెళ్లిపోతుంది. జీపు నిండిపోతే కుర్రాళ్లు పైకెక్కి కూర్చుంటారు. మీరు ఆ సరదాకు పోవద్దు. లోయ అంచున మలుపుల్లో పట్టు జారితే అంతే సంగతులు.

కార్డిలెరా వరి మళ్లలో ఐదు చోట్లను 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ ఐదూ పక్కనున్న ఇఫుగావ్ ప్రావిన్స్‌లోవే. మలిగ్‌కోంగ్ అందులో లేదు. అందానికి మాత్రం ఏ లోటూ లేదు. ఇక్కడి గట్లు మట్టివి కావు, రాయి మీద రాయి పేర్చి కట్టినవి. కొండను చుట్టి అంచెలంచెలుగా కిందికి దిగుతాయి. రోడ్డు చివర నుంచి ఊళ్లోకి నడిచే దారి కూడా ఆ గట్టు మీదనే, ఒక మనిషి పట్టేంత వెడల్పు. ఒక పక్క నీళ్లున్న మడి, ఇంకో పక్క మనిషెత్తు కింద మరో మడి. పట్టున్న బూట్లు వేసుకోండి. తల మీద బరువుతో ఎదురొచ్చేవాళ్లకు దారి ఇవ్వాల్సింది మీరే, గట్టు వెడల్పుగా ఉన్న చోటే ఆగి నిలబడండి. ఫొటో కోసం మడిలోకి దిగడం, నారు తొక్కడం చేయొద్దు. వరి పండించే ఇళ్ల నుంచి వచ్చిన మనకు ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదనుకుంటాను.

వరి సంగతి వచ్చింది కాబట్టి చెప్తాను. మన పల్లెల్లో పెద్దవాళ్లకు ఐఆర్-8 గుర్తుండే ఉంటుంది. అది పుట్టింది ఈ దేశంలోనే, మనీలాకు దక్షిణాన లాస్ బాన్యోస్‌లో ఉన్న అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో. 1966లో విడుదలైన ఆ పొట్టి వంగడాన్ని మన దగ్గర రైతుల్లోకి తీసుకెళ్లినవాళ్లలో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు ముందుంటారు. అదే దేశంలో ఈ ఎత్తు కొండల మీద మాత్రం పాత దేశవాళీ రకాలు ఇంకా బతికే ఉన్నాయి. చలికి పంట ఆలస్యంగా వస్తుంది, పై మళ్లలో చాలావరకు ఏడాదికి ఒకటే పంట. హోమ్‌స్టేలో ఎర్ర బియ్యం అన్నం పెడితే వదలకండి. ఆ రుచి కోసమైనా ఇంకో రోజు ఉండిపోవచ్చు.

బసకు హోమ్‌స్టేలే. మనిషికి ఐదు వందల పెసోల చుట్టుపక్కల. చెప్తే వాళ్లే వండి పెడతారు, అది విడిగా ఇవ్వాలి. నీళ్లు కాచి ఇమ్మంటే ఇస్తారు. వెళ్లే ముందు ఫోన్ చేసి చెప్తే వంటకు సరుకులు బొంటోక్ నుంచి తెచ్చుకుంటారు.

రెండో రోజు తెల్లవారుజామున నాలుగింటికి లేచి కుపాపేయ్ కొండ ఎక్కండి. పైన్ చెట్ల మధ్య గంటన్నర, రెండు గంటల నడక. హెడ్‌ల్యాంప్ కావాలి. పైకి చేరేసరికి తెల్లారుతుంది. వాతావరణం కలిసొస్తే లోయ నిండా మబ్బులు, వాటి అంచున మళ్లు కనిపిస్తాయి. ఊరి కుక్కలు చాలాసార్లు మీకన్నా ముందే దారి పట్టి కొండ మీదికి వస్తాయి. మంచివే గానీ, ఏ కుక్క కరిచినా గీరినా సబ్బుతో బాగా కడిగి, అదే రోజు రేబిస్ టీకా కోసం ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఆ దేశంలో రేబిస్ ఉంది.

అంత ఎక్కలేమనుకుంటే ఎదురుగా ఫాటో కొండ ఉంది, అది కొంచెం తేలిక. నన్నడిగితే సాయంత్రం ఫాటో, మర్నాడు పొద్దున కుపాపేయ్.

మూడో రోజు గైడ్‌తో మయినిట్‌కు నడిచి వెళ్లొచ్చు. సగం పూట నడక. ఆ ఊళ్లో వేడినీటి ఊటలు పొగలు కక్కుతుంటాయి. కొన్ని చోట్ల నీళ్లు సలసల మరుగుతాయి కాబట్టి చెయ్యి పెట్టి చూడొద్దు. స్నానానికి చల్లార్చిన కొలనులు వేరుగా ఉంటాయి. నడక తర్వాత కాళ్ల నొప్పులకు దాన్ని మించిన మందు లేదు. అక్కడి నుంచి జీపులో బొంటోక్ తిరిగి రావచ్చు.

బార్లిగ్, అముయావ్: కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లకు

బొంటోక్ నుంచి బార్లిగ్ జీపు గంటన్నర, రెండు గంటలు. అక్కడి అముయావ్ శిఖరం ఎత్తు 2,702 మీటర్లు. అరకు, పాడేరు వైపు మన కొండలేవీ 1,700 మీటర్లు దాటవు, దాన్నిబట్టి ఊహించుకోండి. ఇఫుగావ్ పురాణం ప్రకారం జలప్రళయంలో లోకమంతా మునిగినప్పుడు అన్న విగన్ అముయావ్ మీద, చెల్లెలు బుగన్ కలావితన్ కొండ మీద మిగిలారట.

ఇక్కడ గైడ్ లేకుండా వెళ్లొద్దు. బార్లిగ్ మునిసిపల్ ఆఫీసులో నమోదు చేసుకుని గైడ్‌ను అక్కడే మాట్లాడుకోండి. దారి చాలావరకు నిలువుగా ఉంటుంది, మొదటిసారి ఎక్కేవాళ్లకు ఒక పూర్తి రోజు పడుతుంది. పై అడవి నాచు పట్టి తడిగా ఉంటుంది, వానల్లో జలగలు పడతాయి, కాబట్టి పొడవు సాక్సు వేసుకోండి. శిఖరం మీద రిలే స్టేషన్ ఉంది. చలి గట్టిగా ఉంటుంది కాబట్టి స్లీపింగ్ బ్యాగ్ తప్పనిసరి. అలవాటైన ట్రెకర్లు అటువైపు దిగి ఇఫుగావ్‌లోని బటాద్ ఊరి దాకా రెండు మూడు రోజుల్లో నడిచి వెళ్తారు. ఇంతకుముందు బరువు మోసుకుని పెద్ద కొండ ఎక్కిన అనుభవం లేకపోతే ఆ దారి పెట్టుకోవద్దు. బార్లిగ్‌లో ఉండి పొలాలు తిరిగి వచ్చినా వెళ్లిన కష్టానికి ఫలితం దక్కుతుంది.

కొండ ఎక్కనివాళ్లు ఆ రెండు రోజులు బెసావ్‌కు ఇవ్వండి. సగాడా పక్కనే, పడమటి వైపు. సూర్యాస్తమయం సగాడా కన్నా ఇక్కడే బాగుంటుంది, జనం ఉండరు.

తిండి, మాట

కరిందెరియా అనే చిన్న హోటళ్లలో కూరలు గిన్నెల్లో పెట్టి ఉంటాయి. వేలు పెట్టి చూపిస్తే అన్నంతో పెడతారు. నూరు, నూటయాభై పెసోల్లో కడుపు నిండుతుంది. మాంసం తినేవాళ్లు పినిక్‌పికన్ అనే కోడి పులుసు, ఎతాగ్ అనే ఉప్పు వేసి ఎండబెట్టిన పంది మాంసం రుచి చూడొచ్చు. శాకాహారులకు మాత్రం జాగ్రత్త కావాలి. కూరగాయల వంటకంలోనూ పంది ముక్కలు, రొయ్యల ముద్ద పడతాయి. మాంసం, చేప, రొయ్యల ముద్ద ఏవీ వద్దని విడివిడిగా చెప్పండి. గుడ్డు, అన్నం, చాయోటే కాయ (బెంగళూరు వంకాయ), బీన్స్ అంతటా దొరుకుతాయి. కందిపొడి, పులిహోర పొడి పట్టుకెళ్తే ఏ హోమ్‌స్టేలోనైనా రోజు గడిచిపోతుంది.

ఇంగ్లిష్ చాలామందికి వస్తుంది. పెద్దవాళ్లను మగవారైతే మానోంగ్, ఆడవారైతే మనాంగ్ అని పిలవండి. మనం అన్నా, అక్కా అన్నట్టే. జీపు ఆపాలంటే ‘పారా’ అనాలి. వక్క, తమలపాకు, సున్నం నమలడం అక్కడా ఉంది. నమలమని ఇస్తే తీసుకోవచ్చు గానీ ఎక్కడపడితే అక్కడ ఉమ్మొద్దు. ముసలివాళ్ల చేతుల మీద పచ్చబొట్లు కనిపిస్తాయి, ఫొటోకు ముందు అడగండి.

ఖర్చు ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ తగ్గించకూడదు

పెసో అంటే రూపాయిన్నర చుట్టుపక్కల. కొండల్లో బస, మూడు పూటలా తిండి, జీపు, చిన్న ప్రవేశ రుసుములు కలిపి మనిషికి రోజుకు 1,300 నుంచి 1,800 పెసోలు లెక్క వేసుకోండి. కొండ ఎక్కే రోజు గైడ్ ఖర్చు దీనికి అదనం. గైడ్ రేటు జట్టుకు ఇంత అని ఉంటుంది కాబట్టి ముగ్గురు నలుగురు కలిసి వెళ్తే భారం తగ్గుతుంది. ఒక్కరే వెళ్తే బొంటోక్ టూరిజం ఆఫీసులో తోడు ఎవరైనా ఉన్నారేమో అడగండి.

తగ్గించుకోవాల్సింది ప్రయాణం మీద: వ్యాన్‌కు బదులు జీపు, మనీలా నుంచి పగటి ఏసీ కోచ్‌కు బదులు రాత్రి బస్సు (హల్సెమా దారి మాత్రం పగలే). గైడ్, హోమ్‌స్టే దగ్గర బేరం ఆడకండి. ఆ డబ్బు నేరుగా ఆ మళ్లను నిలబెట్టే కుటుంబాలకు వెళ్తుంది. ఒక్క రాతి గట్టు కూలితే మళ్లీ పేర్చడం ఎంత చాకిరీయో ఊహించండి. యువకులు పనుల కోసం బాగ్యో, మనీలా పోతుంటే ఊళ్లో మిగిలిన పెద్దవాళ్లే అది చేస్తున్నారు. ప్రయాణ బీమా కూడా తీసుకోండి, అందులో ట్రెకింగ్ ఉందో లేదో పాలసీలో చదివి చూడండి.

తిరుగు ప్రయాణం

బొంటోక్ నుంచి బాగ్యోకు ఉదయపు బస్సు ఎక్కితే మధ్యాహ్నానికి చేరతారు. ఆ రాత్రి బాగ్యోలో ఉండి మర్నాడు మనీలా వెళ్లడం సుఖం. హల్సెమా మీద ఒక్క చరియ పడినా విమానం పోతుంది కాబట్టి టికెట్ తేదీకి కనీసం ఒక రోజు ముందే మనీలాలో ఉండేలా చూసుకోండి. 14 రోజుల గడువులో ఆ రోజును కూడా కలిపే లెక్కపెట్టండి.